చేతిలో హెచ్చరికతో వచ్చేవారి కోసం: అనువాద తనిఖీ సాధనాల పత్రాలను సర్దే పద్ధతి

మా అనువాదాల్లో ఒక వాక్యంలోంచి ‘చిన్న’ అనే మాట మాయమైంది. ‘చిన్న చిన్న మార్పులు చేశాం’ అని ఉండాల్సిన చోట ‘చిన్న మార్పులు చేశాం’ అని ఉంది. ఎవరు మార్చారా అని చూస్తే, బృందంలో చేరి పది రోజులైన అమ్మాయి. ఒకే మాట రెండుసార్లు వచ్చిందని తనిఖీ సాధనం హెచ్చరించింది. ఆమె మా మార్గదర్శి తెరిచింది. నలభై పేజీల ఆ పత్రంలో ముప్పై ఒకటో పేజీలో నేను రాసిన ముక్క ఒకటుంది: ‘పునరుక్తిని తొలగించండి.’ ఆమె తొలగించింది. ‘వేరు వేరు’లో ఒక వేరు, ‘మళ్లీ మళ్లీ’లో ఒక మళ్లీ, ఇలా ఇరవై మూడు చోట్ల తెలుగు నుడికారం పోయింది. ఆమె చెప్పినట్టే చేసింది. అలా చెప్పింది నేను.

పద్దెనిమిదేళ్లు ఒక పత్రికలో ప్రూఫులు దిద్ది ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు కాకినాడలో ఉంటూ, ఏడుగురు సభ్యుల బృందంతో కలిసి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తెలుగు అనువాదాలను సరిచూస్తున్నాను. ఆ సంఘటన తర్వాత మా పత్రాలన్నీ విప్పి మళ్లీ కూర్చుకున్నాం. మేము వాడే తనిఖీ సాధనాలు మూడు: గ్నూ గెట్‌టెక్స్ట్‌లోని ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ, ట్రాన్స్‌లేట్ టూల్‌కిట్‌లోని పోఫిల్టర్, వెబ్‌లేట్ అనే అనువాద వేదికలో అనువదిస్తుండగానే పక్కన కనిపించే తనిఖీలు. మీరు వాడే సాధనాలు వేరైనా ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు హెచ్చరికలను పోగుచేయండి

వెంటనే రాయడానికి కూర్చోకండి. మీరు నిజంగా పనిచేస్తున్న పీఓ ఫైలు (మూల వాక్యాలూ వాటి అనువాదాలూ జతలుగా ఉండే ఫైలు) ఒకటి తీసుకుని, దానిమీద మూడు సాధనాలనూ నడపండి. వచ్చిన ప్రతి హెచ్చరికను తెరమీద ఉన్నది ఉన్నట్టు, అక్షరం మార్చకుండా ఒక ఫైల్లోకి ఎత్తి రాసుకోండి. పోఫిల్టర్‌లో ఏయే పరీక్షలున్నాయో చూపే ఐచ్ఛికం (ఆదేశంతోపాటు ఇచ్చే ఆప్షన్) ఉంది. దాన్ని వాడితే ప్రతి పరీక్ష పేరు, దాని పక్కన చిన్న వివరణ వస్తాయి. ఆ జాబితానూ పక్కన పెట్టుకోండి. మాకు ఈ పనికి రెండు సాయంత్రాలు పట్టింది.

మా పాత పత్రం సాధనాల వరుసలో ఉండేది: గెట్‌టెక్స్ట్ పరిచయం, దాన్ని కంప్యూటర్‌లో పెట్టుకోవడం, ఐచ్ఛికాలు, ఆ తర్వాత పోఫిల్టర్ పరిచయం. సాధనం తయారుచేసినవారికి అది సహజమైన వరుస. అనువాదకులు ఆ పుటకు వచ్చే తీరు వేరు. రాత్రి పదిన్నరకు, పని ముగించబోతుంటే, ఎర్రగా ఒక హెచ్చరిక కనిపిస్తుంది. దాన్ని నకలు చేసి వెతుకుతారు. వారికి గెట్‌టెక్స్ట్ చరిత్ర అక్కర్లేదు. ఆ హెచ్చరిక పేరుతోనే ఒక పుట ఉండాలి, వెతగ్గానే అదే పైకి రావాలి. అందుకే ప్రతి పరీక్షకూ ఒక విడి పుట పెట్టాం, పుటకు పరీక్ష పేరే పెట్టాం. వెబ్‌లేట్ పత్రాల్లోనూ ప్రతి తనిఖీకీ తనదైన చోటు ఉంది. ఆ అమరిక చూసే నాకు ధైర్యం వచ్చింది.

ఒక మాట గట్టిగా చెబుతాను. పరీక్షల పేర్లను తెలుగులోకి అనువదించకండి. ‘ప్రింట్ఎఫ్’, ‘డబుల్‌వర్డ్స్’, ‘ఎండ్‌పంక్’ తెరమీద ఎలా కనిపిస్తాయో పుట శీర్షికలోనూ ఆంగ్ల లిపిలో అలాగే ఉండాలి. లేకపోతే వెతికినా దొరకవు. ఇక్కడ మీరు హాయిగా చదువుకోవడానికే తెలుగు లిపిలో రాస్తున్నాను. వివరణ మాత్రం పూర్తిగా తెలుగులో ఉండాలి, అందులో రాజీ పడవద్దు.

నష్టాన్నిబట్టి గుంపులు

ట్రాన్స్‌లేట్ టూల్‌కిట్ పత్రాల్లో పరీక్షలను తీవ్రతనుబట్టి విడదీశారు: కీలకమైనవి, పనితీరుకు చెందినవి, రూపానికి చెందినవి. ఈ విభజన మంచిది. అయితే కొత్తవారికి ఈ పేర్లు ఏమీ చెప్పవు. మేము వాటిని వాడుకరికి ఏం జరుగుతుందో చెప్పే మాటల్లోకి మార్చాం: ‘ప్రోగ్రాం ఆగిపోవచ్చు’, ‘వాడేవారు పొరబడతారు’, ‘చదవడానికి బాగుండదు’. మొదటి గుంపులోవి ఒక్కటి మిగిలినా ఫైలు పంపకూడదు. మూడో గుంపులోవి మిగిలినా పంపవచ్చు. డబుల్‌వర్డ్స్ పరీక్షను టూల్‌కిట్ కూడా మూడో గుంపులోనే పెట్టింది. మా పాత పత్రం ఆ సంగతి చెప్పి ఉంటే ఆ అమ్మాయి అంత కంగారుపడేది కాదు.

ఒక పుటలో ఏముండాలి

మా డబుల్‌వర్డ్స్ పుట ఇప్పుడు ఇలా ఉంది:

‘అది చెబుతున్నది: ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు ఉంది.
నిజమైన తప్పు: “ఫైలును ఫైలును భద్రపరచలేకపోయాం.” ఒకటి తీసేయండి.
తప్పు కానిది: ఆమ్రేడితాలు. చిన్న చిన్న, వేరు వేరు, మళ్లీ మళ్లీ. ముట్టుకోకండి.
ఎలా తేల్చుకోవాలి: ఒక మాట తీసి పైకి చదవండి. అర్థం మారినా, చెవికి వెలితిగా తోచినా రెండూ ఉండాలి.
తర్వాత ఏం చేయాలి: వెబ్‌లేట్‌లో ఆ హెచ్చరికను విస్మరించి, వ్యాఖ్యలో “ఆమ్రేడితం” అని రాయండి.’

అన్ని పుటలకూ ఇదే చట్రం. వీటిలో ‘తప్పు కానిది’ అన్న భాగం అన్నిటికంటే ముఖ్యం, రాయడానికి కష్టమైనదీ అదే. ఈ సాధనాల్లో చాలా పరీక్షలు ఆంగ్లంలాంటి భాషలను దృష్టిలో పెట్టుకుని పుట్టాయి. తెలుగులో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు కనుక, వాక్యం పెద్దక్షరంతో మొదలైందా అని చూసే పరీక్షతో మనకు పని లేదు. అలాంటివాటిని పరీక్షలను మినహాయించే ఐచ్ఛికంతో పక్కన పెట్టండి. పక్కన పెట్టినవాటి జాబితా, ఒక్కోదానికి ఒక్క వాక్యంలో కారణం, విడిగా ఒక పుటలో రాయండి. కారణం రాయకపోతే ఏడాది తర్వాత ఎవరో ఒకరు వాటిని మళ్లీ మొదలుపెడతారు.

ఒకదాన్ని సరిచేస్తే ఇంకొకటి అరిచే సందర్భాలూ ఉన్నాయి. మెనూల్లో సత్వర మీట (కీబోర్డు షార్ట్‌కట్) చూడండి. ఆంగ్లంలో ఒక అక్షరం ముందు గుర్తు పెడతారు: గ్నోమ్ డెస్క్‌టాప్‌లో అడుగుగీత (_), కేడీఈ డెస్క్‌టాప్‌లో ఆంపర్‌సాండ్ (&), లిబ్రెఆఫీస్‌లో టిల్డా (~). తెలుగు అక్షరం ముందు ఆ గుర్తు పెడితే, గుణింతాలూ ఒత్తులూ ఉన్న చోట మీట నొక్కడం ఇబ్బంది. అందుకే ‘ఫైలు’ అని రాసి, దాని తర్వాత బ్రాకెట్లలో గుర్తుతోపాటు ఆంగ్ల అక్షరం పెట్టడం తెలుగు అనువాదాల్లో అలవాటు. అలా పెట్టగానే బ్రాకెట్ల పరీక్ష మేలుకుంటుంది, మూలంలో బ్రాకెట్లు లేవంటుంది. మూలం చివర మూడు చుక్కలుంటే వాక్యాంత చిహ్నాల పరీక్ష (ఎండ్‌పంక్) కూడా తోడవుతుంది. ఈ మూడు పుటలూ ఒకదాన్నొకటి చూపించుకోవాలి. పోఫిల్టర్‌కు ఇది గ్నోమ్ ఫైలా, కేడీఈ ఫైలా అని ముందే చెప్పాలన్న సంగతి కూడా అక్కడే రాయండి. చెప్పకపోతే సత్వర మీటల పరీక్ష ఫలితాలను నమ్మలేం.

ప్రింట్ఎఫ్ పుటకు ఎక్కువ చోటివ్వండి

మొదటి గుంపులో మేము ఎక్కువ సమయం పెట్టింది దీనిమీదే. ప్రోగ్రాం నడిచేటప్పుడు ఫైలు పేరో సంఖ్యో వచ్చి కూర్చునే ఖాళీలను శాతం గుర్తుతో సూచిస్తారు. పక్కన ఎస్ ఉంటే మాట, డీ ఉంటే సంఖ్య. సంఖ్య రావాల్సిన చోట మాటను అడిగితే ప్రోగ్రాం కుప్పకూలవచ్చు. ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీని తనిఖీ ఐచ్ఛికంతో నడిపితే, సీ ప్రోగ్రాంలకు చెందినవిగా గుర్తుపెట్టిన వాక్యాల్లో ఈ తేడా ఉంటే అది తప్పని చూపిస్తుంది.

మన వాక్య నిర్మాణం ఆంగ్లానికి ఎదురు కనుక ఈ తప్పు తరచూ జరుగుతుంది. మూలంలో ముందు ఫైలు పేరు, తర్వాత అది ఉన్న ఫోల్డరు పేరు వస్తాయి. తెలుగులో ముందు ఫోల్డరు చెప్పి, అందులోని ఫైలు అంటాం. వరుస మారినప్పుడు ఖాళీలకు సంఖ్యలివ్వాలి: శాతం గుర్తు, ఆ వెంటనే మూలంలో అది ఎన్నోదో ఆ అంకె, డాలర్ గుర్తు, ఆపైన ఎస్ లేదా డీ. వాక్యంలో ఒకదానికి సంఖ్య ఇస్తే అన్నిటికీ ఇవ్వాలి. ఈ వాక్యాన్ని మా పుటలో పెట్టె గీసి మరీ పెట్టాం.

రెండు ఖాళీలూ ఒకే రకమైతే ఏ సాధనమూ నోరు విప్పదు. పది ఫైళ్లలో మూడోది నకలవుతోందని చెప్పే వాక్యంలో రెండూ సంఖ్యలే. సంఖ్యలివ్వకుండా తెలుగు వరుసలో రాస్తే తెరమీద ‘3లో 10వ ఫైలు నకలవుతోంది’ అని వస్తుంది. మూడు సాధనాలూ ఆ వాక్యం బాగుందనే అన్నాయి. ఇది చూశాకే ‘సాధనం పట్టుకోలేనివి’ అని ఒక పుట మొదలుపెట్టాం. ఖాళీకి నేరుగా విభక్తి తగిలించడం కూడా అందులోకే చేరింది. అక్కడ ఏ పేరు వచ్చి పడుతుందో మనకు తెలియదు, ‘ను’ సరిపోతుందో ‘ని’ సరిపోతుందో చెప్పలేం. పేరును కొటేషన్లలో ఉంచి ‘అనే ఫైలును తొలగించాలా?’ అని రాస్తే ఏ పేరు వచ్చినా వాక్యం నిలబడుతుంది. మీ పత్రాల్లో ఈ పుట తప్పక ఉండాలి. అది లేకపోతే, హెచ్చరికలు లేని ఫైల్లో తప్పులు లేవని కొత్తవారు అనుకుంటారు.

కంటికి కనిపించనివి

‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట తర్వాతి పొల్లు విడిగా నిలవాలంటే మధ్యలో ఒక కనిపించని అక్షరం కావాలి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. అది లేకపోతే వ కిందికి దిగి ఒత్తవుతుంది. దాని పొరుగున 200బీ అనే సున్నా వెడల్పు ఖాళీ ఉంది. అదీ కనిపించదు, తెలుగుకు దాని అవసరం దాదాపు రాదు. ఎక్కడినుంచో నకలు చేసినప్పుడు అతుక్కుని వస్తుంది. వెబ్‌లేట్ దాన్ని పట్టిస్తుంది. కొత్తవారు ఆ హెచ్చరిక చూసి, కనిపించనివన్నీ చెత్తే అనుకుని మొదటిదాన్నీ తీసేస్తారు. అందుకే రెండింటినీ ఒకే పుటలో పక్కపక్కన పెట్టి, ఉంచాల్సింది ఏదో తీయాల్సింది ఏదో రాశాం.

కన్నడ లిపిలో కొన్ని అక్షరాలు మనవాటిలాగే కనిపిస్తాయి. ప్రూఫులు దిద్దిన కళ్లు కూడా వాటిని పట్టుకోలేవు. పోఫిల్టర్‌కు అనుమతించిన అక్షరాల ఫైలు ఇస్తే అది పట్టుకుంటుంది. తెలుగు అక్షరాలకు యూనికోడ్ కేటాయించిన చోటు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు. వాటితోపాటు అంకెలు, విరామ చిహ్నాలు, ఖాళీల్లో వచ్చే ఆంగ్ల అక్షరాలు చేర్చి ఆ ఫైలును పత్రాలతోపాటే ఉంచండి.

తప్పుల ఫైలు

పుటల్లోని ఉదాహరణలు పాతబడతాయి. సాధనం కొత్త కూర్పు వస్తే హెచ్చరిక మాటలు మారవచ్చు, కొన్ని పరీక్షలు కొత్తగా చేరవచ్చు. మేము కావాలని తప్పులతో నింపిన ఒక పీఓ ఫైలు పెట్టుకున్నాం. ప్రతి పుటలోని తప్పు ఉదాహరణా అందులో ఉంటుంది, ‘తప్పు కానివి’ కూడా ఉంటాయి. సాధనాన్ని నవీకరించినప్పుడల్లా ఆ ఫైలుమీద నడిపి, కిందటిసారి ఫలితంతో పోల్చుతాం. తేడా వచ్చిన పుటలను మాత్రమే తిరగరాస్తాం. పుట అడుగున ఏ కూర్పుతో ఎప్పుడు సరిచూశామో ఒక వరుస ఉంటుంది. బృందంలో ఒకరికి ఈ పని పేరుపెట్టి అప్పగించండి. మాకు ఇది కర్నూలులో ఉన్న సభ్యుడు చూస్తారు.

ఆదేశాల పుట ఒక్కటి చాలు, పొడవు పెంచకండి. వరుస ఇదీ: మొదట ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ, తర్వాత మొదటి గుంపు పరీక్షలతో పోఫిల్టర్. పోఫిల్టర్ తప్పున్న వాక్యాలను మాత్రమే వేరే ఫైల్లోకి తీసి, ఏ పరీక్షలో తప్పాయో పక్కన రాస్తుంది. వాటిని అక్కడే సరిచేసి, టూల్‌కిట్‌లోనే ఉన్న పోమెర్జ్‌తో అసలు ఫైల్లోకి కలపాలి. పత్రాలన్నీ సాదా పాఠ్య ఫైళ్లుగా, అనువాదాలున్న భాండారంలోనే (రిపాజిటరీ) ఉంచాం. వేరేచోట పెడితే మార్పులు వెనకబడతాయి.

చివరగా, రాసినదాన్ని ఆ పని తెలియనివారితో చదివించండి. మేము డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయికి మూడు హెచ్చరికలిచ్చి, పత్రాల సాయంతో మాత్రమే సరిచేయమని చెప్పి, నోరు మెదపకుండా పక్కన కూర్చున్నాం. రెండు చేశాడు. మూడోదాని దగ్గర ఆగిపోయాడు. అతను వెతికిన మాట ‘చుక్క’. మేము పుటంతా ‘వాక్యాంత విరామ చిహ్నం’ అని రాశాం. ఆ రాత్రే చుక్క, గీత, ఖాళీ, గుర్తు, ఒత్తు లాంటి వాడుక మాటలతో ఒక సూచిక తయారుచేసి, ఒక్కో మాట పక్కన అది ఏయే పుటలకు దారితీస్తుందో రాసి మొదటి పుటలో పెట్టాం.