కంట్రోల్ ప్రశ్నావళికి అన్నీ ‘అవును’లే వస్తుంటే

ఆడిట్‌కి వెళ్లి, సంస్థలో డబ్బు, లెక్కల మీద అదుపు ఎలా ఉందో అడిగే ఇంటర్నల్ కంట్రోల్ ప్రశ్నావళి చేతికిస్తే అకౌంటెంట్ గారు పది నిమిషాల్లో అన్నిటికీ ‘అవును’ టిక్కు కొట్టి ఇచ్చేస్తారు. తర్వాత వోచర్లు తీస్తే కథ వేరు. మళ్లీ మొదటికే వస్తాం.

అందుకే ఇప్పుడు కాగితం వాళ్లకివ్వడం మానేశాను. పక్కన కూర్చుని నేనే అడిగి రాసుకుంటున్నాను. ‘క్యాష్ రోజూ లెక్క చూస్తారా?’ అని కాదు, ‘నిన్న సాయంత్రం క్యాష్ ఎవరు లెక్కపెట్టారు, ఎక్కడ రాశారు?’ అని. ప్రశ్నావళిలోని 40 ప్రశ్నలూ ఇలా మార్చనక్కర్లేదు. నగదు, కొనుగోళ్లు, జీతాల మీద ఓ 12 మారిస్తే చాలు. ‘అవును’ అన్న ప్రతిదానికీ ఈ నెల కాగితం ఒకటి చూపించమని, దాని నంబరు, తేదీ జవాబు పక్కనే రాసుకోండి. మొన్న ఒక రైస్ మిల్లులో చెక్కులకు ఇద్దరి సంతకాలు తప్పనిసరి అన్నారు. చెక్ బుక్ తెప్పిస్తే ఐదు ఖాళీ చెక్కుల మీద ఒకరి సంతకం ముందే ఉంది! ఆయన ఊరెళ్తున్నారట, పని ఆగకూడదని.

వీలైతే అవే ప్రశ్నలు స్టోర్ కీపర్‌నీ విడిగా అడగండి. ఇద్దరి మాటా కలవని చోట శాంపిల్, అంటే పరీక్షకు తీసే వోచర్ల సంఖ్య, పెంచుకోవాలి. కలిసిన చోట కూడా ఒక్క కాగితం చూశాం కదా అని టెస్టింగ్ వదిలేయకండి.

కొనేదీ, డబ్బిచ్చేదీ, పద్దు రాసేదీ ఒక్కరే అయిన చిన్న షాపుల్లో మాత్రం ఇది పనిచేయదు. అక్కడ ప్రశ్నలు పక్కన పెట్టి నేరుగా బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకోవడమే.