ఇంటి నూనెలు, 5వ పాఠం: ముందు నీటి సంగతి, తర్వాతే రెప్పల సంగతి

ఈ పాఠంలో రెప్ప వెంట్రుకలకు ఆముదం రాయడం నేర్చుకోవాలి. కానీ 4వ పాఠంలో కాచిన గుంటగలగరాకు నూనె చాలామందికి చెడిపోయింది. కొందరికి సీసా అడుగున తెల్లటి పొర తేరింది. కొందరికి మూత తీయగానే పులిసిన వాసన. ఇంకొందరికి పదో రోజుకే పైన బూజు. ఫిర్యాదులు మూడు రకాలైనా కారణం ఒక్కటే, నూనెలో నీరు మిగిలిపోయింది. ముందు ఈ సంగతి తేల్చుకుందాం. ఇంట్లో కాచిన ఏ నూనెనూ కంటి దగ్గరికి తీసుకెళ్లకండి.

నీరు లేని నూనెలో బూజు గానీ బ్యాక్టీరియా గానీ పెరగలేవు. అందుకే గానుగ నుంచి తెచ్చిన నూనె నెలల తరబడి నిలవ ఉంటుంది. మనం ఆకు ముద్ద, ఆకు రసం కలిపిన క్షణం నుంచే ఆ రక్షణ పోతుంది. కొలతలు మళ్లీ చూడండి. ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, రసం లేదా కషాయం పదహారు పాళ్లు. పావు లీటరు కొబ్బరి నూనెకు 60 గ్రాముల ముద్ద, లీటరు రసం. అంటే ఆ గిన్నెలోంచి లీటరు నీరు ఆవిరై పోవాలి. అది నలభై నిమిషాల్లో అయ్యే పని కాదు. చిన్న మంట మీద రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ఒక పూట కాచి, ఆపి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టినా తప్పులేదు. మంట పెంచితే మాత్రం ముద్ద అడుగంటి మాడుతుంది, పైన నీరు అలాగే ఉంటుంది.

ఎక్కువమంది పడిన గుంట వేరే ఉంది. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో నూనె గిన్నె పెట్టి కాచారు. "నూనె మాడకూడదు కదా, అందుకే గిన్నెలో గిన్నె పెట్టాను" అని మధురవాడ నుంచి ఒకరు రాశారు. ఎండిన ఆకుకైతే అది మంచి పద్ధతే. పచ్చి ఆకుకు, రసానికి అది పనికిరాదు. బయటి గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంటే లోపలి గిన్నె ఆ 100ను అందుకోనే లేదు, ఎప్పుడూ కొంచెం కిందే ఉంటుంది. లోపలున్న నీరు వేడెక్కుతుంది గానీ మరగదు. మరగనప్పుడు నూనె పొర కిందున్న నీరు పైకి పోయే దారి లేదు. మూడు గంటలు కాచినా ఆరు గంటలు కాచినా అంతే. పైన చూస్తే ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ, అయిపోయినట్టే ఉంటుంది. వడగట్టి సీసాలో పోస్తారు. వారం తిరిగేసరికి అడుగున తెల్లటి పొర. రసం పోసి కాచే నూనె నేరుగా పొయ్యి మీదే కాగాలి, మందపాటి అడుగున్న స్టీలు గిన్నెలో, చిన్న మంట మీద. ఇందులో మినహాయింపు లేదు.

నీరు పోయిందని ఎలా తెలుసుకోవాలి? ఇక్కడ నురుగు మోసం చేస్తుంది. మొదటి గంటలో పెద్ద పెద్ద బుడగలు వస్తాయి, అవి నీటి బుడగలు. చాలామంది అవి తగ్గగానే దించేశారు. ఆగాలి. నూనె పాకానికి వచ్చేటప్పుడు సన్నటి, తెల్లటి నురుగు నూనె పై భాగమంతా పరుచుకుంటుంది. నెయ్యి కాస్తే చివర్లో నురుగు అణుగుతుంది, నూనె కాస్తే చివర్లోనే నురుగు లేస్తుంది. నెయ్యి అలవాటుతో నూనెను చూస్తే అందుకే తప్పుతుంది.

నురుగు చూశాక వత్తి పరీక్ష చేయండి. గరిటెతో అడుగున ఉన్న ముద్ద చిటికెడు తీసి, చల్లారనిచ్చి, రెండు వేళ్ల మధ్య నలపండి. పచ్చిగా పిండిలా అంటుకుంటే ఇంకా కాలేదు. వేళ్లకు అంటకుండా వత్తిలా చుట్టుకుంటే దాన్ని పట్టకారుతో పట్టుకుని, నూనె గిన్నెకు దూరంగా, దీపం మంటలో పెట్టండి. చిటపటలాడితే నీరుంది. చప్పుడు లేకుండా వెలిగితే నీరు పోయింది. ఆయుర్వేదంలో తైలం కాచేవాళ్లు తరతరాలుగా నమ్ముకున్న పరీక్ష ఇది, దీనికి పైసా ఖర్చు లేదు. వంటింటి థర్మామీటరు ఉన్నవాళ్లకు ఇంకో ఆధారం: నీరు ఉన్నంతసేపూ ముల్లు 100 దగ్గరే తచ్చాడుతుంది. నీరు పోగానే 105, 110 అని చకచకా ఎక్కుతుంది. 115కి వచ్చాక దించేయండి. ముద్ద కొంచెం గట్టిపడి కరకరలాడితే అది ఖరపాకం, ఒంటికీ తలకూ రాసుకునే నూనెకు అదే సరైనది. నల్లగా మాడితే మాత్రం ఆ నూనె పారబోయాల్సిందే.

ఇనుప మూకుడులో కాస్తే నూనె నల్లగా వస్తుంది, జుట్టు నల్లబడుతుంది అనే నమ్మకం గట్టిది. నేను వద్దంటాను. ఇనుము తగిలిన నూనె త్వరగా మక్కుతుంది, పాత అప్పడాల నూనె వాసన దానివల్లే. ఇంకోటి, ఆకుపచ్చ నూనెను కిటికీలో పెట్టకండి. ఆకులోని పత్రహరితం వెలుతురు తగిలితే నూనెను ఇంకా తొందరగా చెడగొడుతుంది. ముదురు రంగు సీసా, లేదా మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా వాడండి. బాత్రూంలో పెట్టొద్దు, తడి చేత్తో ముట్టుకోవద్దు.

ఇంత కష్టం లేకుండా అంటే ఎండు ఆకుతోనే. అడిగితే నేను ఎప్పుడూ దీన్నే చెబుతాను. నీడన ఎండబెట్టిన ఆకు 30 గ్రాములు, నూనె పావు లీటరు, గిన్నెలో గిన్నె పద్ధతిలో రెండు గంటలు. చిక్కంతా ఎండబెట్టడంలోనే ఉంది. విశాఖలో సముద్రపు గాలి ఆకును ఎండనివ్వదు. పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ మేడల మీద పొద్దున ఎండిన ఆకు సాయంత్రం గాలికి మళ్లీ మెత్తబడుతుంది. మూడున్నర, నాలుగుకల్లా లోపలికి తెచ్చి డబ్బాలో మూసేయాలి. ఈనె వంచితే ఫట్‌మని విరగాలి, వంగితే ఎండనట్టే. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఈ పని పెట్టుకోకండి.

చెడిపోయిందో లేదో తేలని సీసా ఉంటే వేడినీళ్లలో పది నిమిషాలు నిలబెట్టండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల కింద పేరుకుంటుంది కాబట్టి డిసెంబరు, జనవరి రాత్రుల్లో తెల్లబడటం చెడిపోవడం కాదు. వేడికి పూర్తిగా తేటపడితే అది పేరుకున్న నూనె. అడుగున పొర విడిగా నిలబడితే అది నీరు. కాచి రెండు రోజులే అయి, వాసన మారకపోతే మళ్లీ పొయ్యెక్కించి వత్తి పరీక్ష దాకా కాయండి. పులిసినా బూజు పట్టినా కాచి వాడొద్దు.

నుదుటి మీద చిన్న గుల్లలు వచ్చినవాళ్లు: తలనూనె జారి చర్మరంధ్రాలు మూసుకుపోయాయి. ఉక్కపోతలో రాత్రంతా నూనెతో పడుకోవద్దు, తలస్నానానికి గంట ముందు రాస్తే చాలు. దిండు గలీబు మార్చండి. చుండ్రు ఉన్నవాళ్లు అసలు నూనె ఆపండి. చుండ్రుకు కారణమయ్యే ఫంగస్‌కు నూనెలోని కొవ్వు ఆమ్లాలే ఆహారం. కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నురుగు మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి. చుండ్రు తగ్గాక నూనె మాట.

ఇప్పుడు రెప్పలు.

రెప్పలకు గుంటగలగరాకు నూనె వద్దు, మందార నూనె వద్దు, వేప నూనె అసలే వద్దు. ఎంత వడగట్టినా ఆకు పొట్టు మిగులుతుంది, అది కంటిలో గరగరలాడుతుంది. ఆముదం ఒక్కటే. అదీ ఊళ్లో గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి తీసిన వంటాముదం కాదు. అందులో ఇందాక చెప్పిన నీటి బెడదే ఉంటుంది. మందుల షాపులో బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న చిన్న సీసా తెచ్చుకోండి. కొబ్బరి నూనెతో పల్చన చేయకండి. పల్చనైంది ఒంటి వేడికి కరిగి కంట్లోకి జారుతుంది. చిక్కటి ఆముదం పెట్టినచోటే ఉంటుంది. (తలకు దీనికి సరిగ్గా తిరగేసి చెబుతాను. ఆముదం ఒక పాలు, కొబ్బరి నూనె నాలుగు పాళ్లు. పొడుగు జుట్టుకు ఒట్టి ఆముదం పట్టించి గట్టిగా రుద్ది కడిగితే జుట్టు ముద్దకట్టి, విడదీయడానికి వీలుకాక కత్తిరించాల్సి రావచ్చు.)

రాసే ముందు మోచేతి మడతలో చుక్క రాసి 24 గంటలు చూడండి. దురద, ఎరుపు లేకపోతే మొదలుపెట్టండి. కాటుక, మస్కారా పూర్తిగా తుడవాలి, లెన్సు తీసేయాలి. కడిగి ఆరబెట్టిన మస్కారా బ్రష్ ఆముదంలో ముంచి, సీసా అంచుకు ఒరిపి, తర్వాత ముంజేతి మీద నాలుగైదుసార్లు తుడవండి. బ్రష్ మీద చుక్క కనిపించకూడదు, మెరుపు మాత్రం కనిపించాలి. కన్ను మూసి, వెంట్రుక మధ్య నుంచి కొస వైపుకు ఒక్కసారి లాగండి. మొదళ్లకు తగలనివ్వొద్దు. మొదళ్ల వెనకే రెప్ప అంచున వరసగా సన్నటి గ్రంథుల నోళ్లుంటాయి. కన్నీరు ఆరిపోకుండా కాపాడే నూనె వాటి నుంచే వస్తుంది. అవి మూసుకుంటే కంటి కురుపు లేస్తుంది, రెప్పలు ఉబ్బుతాయి. అరగంట ఉంచి, తడి దూదితో తుడిచి పడుకోండి. రాత్రంతా ఉంచమని అందరూ చెబుతారు, పొద్దున చూపు మసకబారిందని ఫిర్యాదు చేసేదీ అలా ఉంచినవాళ్లే.

కురుపు వస్తే ఆముదం ఆపి, గోరువెచ్చటి గుడ్డతో పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు కాపడం పెట్టండి. చిదమొద్దు. చూపు తగ్గినా, నొప్పి పెరిగినా విశాఖ ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికో దగ్గర్లోని కంటి డాక్టరుకో చూపించండి. శుక్లం ఆపరేషను, లేసిక్ (కళ్లద్దాలు అక్కర్లేకుండా చేసే లేజర్ ఆపరేషను) చేయించుకున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఆముదం కొత్త వెంట్రుకలు మొలిపిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. దానిలోని కొవ్వు ఆమ్లాల్లో దాదాపు 90 శాతం రిసినోలిక్ ఆమ్లమే. ఆముదం ఉన్న వెంట్రుకకు పూతలా పట్టి, నల్లగా, మందంగా కనిపించేలా చేస్తుంది, విరగడం కొంత తగ్గించవచ్చు. నాకది చాలు, మీకూ చాలితేనే రాయండి. రెప్ప వెంట్రుకలను నిజంగా పెంచుతుందని నిరూపణ అయిన మందు బైమాటోప్రోస్ట్ 0.03 శాతం. అమెరికాలో 2008 డిసెంబరులో అనుమతి వచ్చింది. అది డాక్టరు చీటీతో వాడే మందు. రెప్ప చర్మం నల్లబడటం, కన్ను ఎర్రబడటం, కనుపాప చుట్టూ రంగు మారడం ఉంటాయి. అలా మారిన కంటి రంగు మళ్లీ మామూలు కాకపోవచ్చు. స్నేహితురాలి సీసా తెచ్చుకుని వాడొద్దు.

జుట్టు మాత్రల గురించి క్లుప్తంగా. వాటిలో ఉండే బయోటిన్ ఒక బి విటమిన్, రోజుకు కావాల్సింది 30 మైక్రోగ్రాములు. మార్కెట్లో మాత్రలు 5,000, 10,000 మైక్రోగ్రాములవి. లోపం లేనివారికి అంత వేసినా జుట్టుకు ఒరిగేది ఏమీ లేదు, రక్తపరీక్షలు మాత్రం తారుమారవుతాయి. థైరాయిడ్ ఎక్కువున్నట్టు తప్పుగా చూపించవచ్చు. గుండెపోటు అనుమానంతో చేసే ట్రోపోనిన్ తక్కువగా చూపించవచ్చు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, ల్యాబులో చెప్పాలి. "జుట్టు, చర్మం, గోళ్లు" అని రాసిన మాత్రలు రెండు రకాలు కలిపి మింగొద్దు. విటమిన్ ఎ, సెలీనియం మోతాదు మించితే జుట్టు రాలుతుంది.

డబ్బు ఖర్చు పెట్టదలిస్తే ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) పరీక్షలకు పెట్టండి. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని 2020 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. డాక్టరు ఐరన్ మాత్ర రాస్తే నిమ్మరసంతో వేసుకోండి, టీకి రెండు గంటలు ఎడం ఇవ్వండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉన్నంతకాలం చోడి (రాగి) అంబలి, ఆకుకూరల నుంచి వచ్చే ఐరన్‌లో చాలా భాగం ఒంటికి పట్టదు. వానాకాలం జ్వరాల తర్వాత రెండు మూడు నెలలకు గుప్పెళ్లతో రాలే జుట్టు ఏ నూనెకూ ఆగదు. సాధారణంగా ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

అభ్యాసం రెండు భాగాలు, రెండూ చేయాలి. మొదటిది: మళ్లీ పావు లీటరు కాయండి. కాచడం మొదలైన గంటకు, రెండు గంటలకు, నురుగు లేచాక, మూడుసార్లు ముద్ద తీసి మూడు వత్తులు చేసి వెలిగించండి. ఏది ఎంత చిటపటలాడిందో కాగితం మీద రాయండి. ఆ మూడు చప్పుళ్ల తేడా చెవికి తెలిశాక థర్మామీటరు అక్కర్లేదు. రెండోది: ఆముదం ఎడమ కంటి రెప్పలకు మాత్రమే, పన్నెండు వారాలు. కుడి కన్ను ముట్టుకోవద్దు. రెప్ప వెంట్రుక పెరిగే దశ నాలుగు నుంచి పది వారాలు ఉంటుంది కాబట్టి అంతకు తక్కువ కాలంలో ఏమీ తేలదు. ప్రతి ఆదివారం పొద్దున, ఒకే కిటికీ దగ్గర, ముఖం కడిగి తుడిచాక, రెండు కళ్లూ మూసి ఒకటి, కిందికి చూస్తూ ఒకటి ఫొటో తీయండి. నూనె రాసి తీసిన ఫొటో లెక్కలోకి రాదు.

6వ పాఠం కుంకుడుకాయ, శీకాయలతో నూనె వదలగొట్టడం. గిరిజన సహకార సంస్థ దుకాణంలో పావు కిలో చొప్పున తెచ్చి ఉంచండి. కుంకుడుకాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి, చప్పుడు లేని కాయలు పక్కన పెట్టేయండి.