మిడిల్స్‌బరోలో జునీన్యో పేరుతో మాట కలపడం ఎలా

టీసైడ్ యూనివర్సిటీలో సీటొచ్చి ఇంగ్లండ్‌లోని మిడిల్స్‌బరోకి బయల్దేరే మనవాళ్లకు సీనియర్లు చాలా చెబుతారు. కుక్కర్ ఎంత సైజుది తెచ్చుకోవాలి, పచ్చడి కారకుండా ఎలా ప్యాక్ చేయాలి, రూము ఏ వీధిలో చూసుకోవాలి. ఊరివాళ్లతో ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పరు. పార్ట్‌టైమ్ జాబులో చేరిన మొదటి వారంలోనే చలి గురించి, వాన గురించి చెప్పుకోవాల్సిందంతా అయిపోతుంది. ఇక ఆ తర్వాత షిఫ్టంతా తల ఊపడం, నవ్వడం, లోపల టెన్షన్.

నాది హన్మకొండ. ఇక్కడ ఎమ్మెస్సీ చేస్తూ శుక్ర, శనివారాల రాత్రులు ఒక పార్మో షాపు కౌంటర్లో పనిచేశాను. పార్మో ఈ ఊరి సొంత తిండి. చికెన్ బ్రెస్ట్‌ను పల్చగా సాగగొట్టి, బ్రెడ్ పొడి అద్ది, నూనెలో వేయించి, మీద తెల్ల సాసు, చెడ్డార్ చీజ్ పరిచి గ్రిల్ కింద పెడతాం. చీజ్ బుడగలొచ్చేదాకా కస్టమర్ అక్కడే నిలబడి ఉండాలి. ఆ కాసేపట్లో నాకు బాగా పనికొచ్చిన పేరు జునీన్యో, ఒకప్పుడు ఈ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఆడిన బ్రెజిల్ ఆటగాడు. ఈ పద్ధతి బార్బర్ షాపులోనూ ట్యాక్సీలోనూ గోడౌన్ టీ బ్రేక్‌లోనూ ఒకేలా పనిచేస్తుంది.

ముందు పేరు సరిచూసుకోండి. స్పెల్లింగ్ చూసి మనం జునిన్హో అనేస్తాం, ఇక్కడ జునీన్యో అంటారు. ‘లిటిల్ ఫెల్లా’ అన్నా అతనే, ఎత్తు ఐదున్నర అడుగుల లోపే మరి. వీడియోలు వెతికేటప్పుడు ‘జునీన్యో పౌలిస్తా’ అని కొట్టండి. ఉత్త జునీన్యో అని కొడితే లియాన్ క్లబ్బుకి ఆడిన పెర్నాంబుకానో ఫ్రీ కిక్కులు వరసగా వస్తాయి. అతనూ బ్రెజిల్‌వాడే, గొప్ప ఆటగాడే. కానీ ఇక్కడ అతని ఫ్రీ కిక్కుల గురించి మాట్లాడితే ఎదుటివాడికి మీరేం చూసొచ్చారో వెంటనే తెలిసిపోతుంది.

కనీసం ఇంత తెలిసుండాలి. పుట్టింది 1973లో సావో పాలోలో. 1995 జూన్‌లో బ్రెజిల్ జట్టుతో వచ్చి వెంబ్లీలో ఇంగ్లండ్ మీద ఫ్రీ కిక్‌తో గోల్ కొట్టాడు, బ్రెజిల్ 3-1తో గెలిచింది. ఆ అక్టోబర్‌లోనే బరో మేనేజర్ బ్రయాన్ రాబ్సన్ అతన్ని 47.5 లక్షల పౌండ్లకు తీసుకొచ్చాడు. మిడిల్స్‌బరో క్లబ్బును ఇక్కడందరూ బరో అంటారు, మీరూ అలాగే అనండి. అప్పటికి బరో ప్రీమియర్ లీగ్‌లోకి తిరిగొచ్చి కొన్ని నెలలే. క్లబ్బు కొత్త స్టేడియం రివర్‌సైడ్‌ని ఆ ఆగస్టులోనే తెరిచారు. ఉక్కు, రసాయనాల ఫ్యాక్టరీల్లో పనులు తగ్గిపోతున్న ఊరికి బ్రెజిల్ జట్టులో ఆడే 22 ఏళ్ల కుర్రాడు, అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకొని వచ్చాడు. ఇక్కడి నవంబర్ చలి ఒకసారి తిన్నాక ఆ సంగతి విలువ మీకే అర్థమవుతుంది.

మాటల్లోకి దిగే ముందు మూడు మ్యాచ్‌ల క్లిప్పులు చూడండి. మొదటిది 1995 నవంబర్ 4న లీడ్స్ మీద అతని తొలి మ్యాచ్, తోటి ఆటగాడు ఫ్యోర్టాఫ్ట్‌కి అందించిన పాస్. రెండోది 1997 మార్చిలో చెల్సీ మీద గోల్. మైదానంలో అందరికన్నా పొట్టివాడు తలతో కొట్టిన గోల్ అది. మూడోదాని గురించి కింద చెబుతాను. చూసేటప్పుడు బంతితో పాటు డిఫెండర్ల కాళ్లనూ గమనించండి. ఎన్నిసార్లు పడేసినా లేచి మళ్లీ బంతి అడుగుతుంటాడు. కౌంటర్లో నేను విన్నవాటిలో గోల్స్ సంఖ్య కన్నా ఈ లేవడం గురించిన మాటలే ఎక్కువ.

ఇక 1996-97 సీజన్. దీన్ని పరీక్షకి చదివినట్టు చదవండి. ఇక్కడివాళ్లకు ఇది ఇంకా మానని గాయం. 1996 డిసెంబర్ 21న బ్లాక్‌బర్న్‌లో మ్యాచ్ ఉంది. జబ్బులతోనో గాయాలతోనో 23 మంది ఆటగాళ్లు లేరని చెప్పి బరో ఆ మ్యాచ్‌కి వెళ్లలేదు. లీగ్ వాళ్లు మూడు పాయింట్లు కోసేశారు. సీజన్ చివర్లో బరోకి 39 పాయింట్లు, 19వ స్థానం. చివరి మూడు జట్లు కింది డివిజన్‌కి పడిపోతాయి. వాటికి పై మెట్టు మీద బతికిపోయిన కొవెంట్రీకి 41. కోత లేకుంటే బరోకి 42 ఉండేవి. ఈ లెక్క ఊళ్లో నలభై దాటిన ప్రతి మగాడికీ, చాలామంది ఆడవాళ్లకీ నిద్రలో లేపి అడిగినా వస్తుంది. మీరు ఒక్కటి మాత్రం అనకండి: “ఆ మ్యాచ్ ఆడేసి ఉండాల్సింది కదా?” మాట నిజమే కావచ్చు, నా అభిప్రాయమూ అదే. కానీ అది ఊరివాళ్లు తమలో తాము అనుకునే మాట, బయటివాళ్లు అనేది కాదు.

అదే ఏడాది బరో రెండు కప్పుల్లోనూ ఫైనల్‌కి వెళ్లి రెండూ ఓడింది. లీగ్ కప్ ఫైనల్లో లెస్టర్ జట్టు పాంటస్ కామార్క్ అనే డిఫెండర్‌ని జునీన్యోకి నీడలా అంటగట్టింది. అదనపు సమయం చివర్లో లెస్టర్ ఆటగాడు హెస్కీ స్కోరు సమం చేశాడు, మళ్లీ ఆడిన మ్యాచ్‌లో బరో ఓడింది. ఎఫ్ఏ కప్ ఫైనల్లో మ్యాచ్ మొదలై నిమిషం కాకముందే చెల్సీ ఆటగాడు డి మట్టెయో గోల్ కొట్టేశాడు. ఈ రెంటి మధ్యలో మే 11న లీడ్స్‌లో లీగ్ ఆఖరి మ్యాచ్, మీరు చూడాల్సిన మూడో క్లిప్ ఇదే. గెలిస్తేనే బతుకు. జునీన్యో గోల్‌తో స్కోరు 1-1 అయింది, అక్కడే ఆగిపోయింది. విజిల్ మోగాక అతను గడ్డి మీద కూలబడి ఏడ్చాడు.

ఆ వేసవిలో అతన్ని సుమారు 1.2 కోట్ల పౌండ్లకు అట్లెటికో మాడ్రిడ్‌కి అమ్మారు. మరుసటి ఏడాది ప్రపంచకప్ ఉంది, కింది డివిజన్లో ఆడేవాడికి బ్రెజిల్ జట్టులో చోటు కష్టం. ఇక్కడ “వదిలేసి పోయాడు” అన్నవాడిని నేను చూడలేదు. కోపమంతా స్పెయిన్‌లో టాకిల్ చేసి అతని కాలు విరగ్గొట్టిన మిచెల్ సాల్గాడో మీదే. ఆ దెబ్బకి 1998 ప్రపంచకప్ పోయింది. 1999లో అట్లెటికో నుంచి లోన్ మీద ఒక సీజన్ బరోకి తిరిగొచ్చాడు. 2002లో బ్రెజిల్‌తో ప్రపంచకప్ గెలిచి, మూడోసారీ ఇక్కడికే వచ్చాడు. 2004 ఫిబ్రవరి 29న కార్డిఫ్‌లో బోల్టన్‌ని 2-1తో ఓడించి బరో లీగ్ కప్ గెలిచింది. 1876లో పుట్టిన క్లబ్బుకి అదే మొదటి పెద్ద కప్. ఏడ్చినవాడు ఆ రోజు జట్టులో ఉన్నాడు. ఊరి ప్రేమకి అసలు కారణం ఇదేనని నాకనిపిస్తుంది. ఆటలో అతనికి సాటివచ్చేవాళ్లు చాలామంది ఇంగ్లండ్‌కి వచ్చారు, మంచి రాబడి సంపాదించుకుని వెళ్లారు. కానీ ఓడిన ఊరికి రెండుసార్లు తిరిగొచ్చినవాళ్లు అరుదు.

ఇప్పుడు మాట మొదలుపెట్టడం. మనిషిని చూసి ఎంచుకోండి. 1995లో పదేళ్లున్నవాళ్లు ఇప్పుడు నలభై దాటారు, వాళ్లయితే బాగా పలుకుతారు. పాతికేళ్ల కుర్రాళ్లు నాన్న చెప్పిందే చెబుతారు. అప్పటి స్పాన్సర్ ‘సెల్‌నెట్’ పేరు రాసున్న బరో పాత ఎర్ర చొక్కా కనిపిస్తే ఇక ఆలోచించనక్కర్లేదు. “జునీన్యో ఆట స్టేడియంలో చూశారా?” అని అడగండి. ఎన్ని గోల్స్, మెస్సీ కన్నా గొప్పా లాంటి ప్రశ్నలు ఒక్క మాట జవాబుతో ఆగిపోతాయి. “లీడ్స్ మ్యాచ్ రోజు మీరెక్కడున్నారు?” అంటే మాత్రం పార్మో చల్లారినా కదలరు. బరో ఓడిన సాయంత్రం ఇవేవీ వద్దు, బిల్లు కొట్టి పంపించండి. సండర్లాండ్, న్యూకాజిల్ అభిమానులూ ఈ ఊళ్లో ఉంటారు కాబట్టి “మీరు బరో అభిమానా?” అని ముందే అడగడం మంచిది.

ఇంకో సంగతి. జునీన్యో ఇంగిల్‌బీ బార్విక్‌లో ఉండేవాడు, వీధిలో పిల్లలతో బంతి ఆడేవాడు. ఇది నిజం. అయితే అతనితో ఆడామని చెప్పేవాళ్లందరినీ లెక్కేస్తే ఆ వీధి స్టేడియం అంత వెడల్పుండాలి. ఎవరినీ క్రాస్ ఎగ్జామిన్ చేయకండి, హాయిగా వినండి.

తీరికున్న ఆదివారం రైల్వే స్టేషన్ నుంచి రివర్‌సైడ్‌కి నడిచి వెళ్లండి, పావుగంట దూరం. బయట పాత స్టేడియం ఐర్సమ్ పార్క్ గేట్లు, పాత ఆటగాళ్లు మానియన్, హార్డ్‌విక్ విగ్రహాలు ఉంటాయి. ఐర్సమ్ పార్క్ ఉన్నచోట ఇప్పుడు ఇళ్లు. 1966 ప్రపంచకప్‌లో ఉత్తర కొరియా ఇటలీని 1-0తో ఓడించింది అక్కడే. పాక్ దూ ఇక్ గోల్ కొట్టిన చోట ఒక ఇంటి ముందు గడ్డిలో గుర్తు పెట్టారు. బరో లాగే ఎరుపు చొక్కాలు వేసుకున్న ఆ జట్టును ఊరంతా సొంతం చేసుకుంది. డెబ్బై దాటిన పెద్దాయన దొరికితే జునీన్యో కన్నా ముందు ఈ మాట ఎత్తండి.

చివరికి వాళ్లూ మిమ్మల్ని అడుగుతారు, మీ దగ్గర ఫుట్‌బాల్ ఉందా అని. “మాకు క్రికెట్టే” అనేసి ఊరుకోకండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచింది. రెండుసార్లూ కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. రెండు జట్లలోనూ సికింద్రాబాద్ తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. ఈ రెండు పేర్లూ నోటికి వచ్చేలా పెట్టుకోండి, ఎందుకంటే ఆ ప్రశ్న సరిగ్గా గ్రిల్ గంట మోగే సమయానికే వస్తుంది.