ముసార్ సాధన: ఎలా మొదలుపెట్టాలి

యూదుల నీతిసాధన అయిన ముసార్, 19వ శతాబ్దంలో లిథువేనియాలో రబ్బీ (యూదు మతగురువు) ఇస్రాయేల్ సలాంతర్ చొరవతో ఉద్యమరూపం దాల్చింది. చదువుకు 1740లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వెలువడిన ‘మెసిల్లత్ యెషారిమ్’ (నీతిమంతుల బాట) చాలు; అది లుజ్జాతో అనే రబ్బీ రాసిన నీతిగ్రంథం. దానిని రోజుకొక పేరా చొప్పున, తోడుగా ఒకరిని కూర్చోబెట్టుకుని, పైకి చదువుతూ వాదించుకోవాలి.

ఆచరణకు మాత్రం యూదు రచయిత మెనాహెమ్ మెండెల్ లెఫిన్ పద్ధతే మేలు. ఓర్పు, వినయం, మౌనం వంటి 13 గుణాల్లో వారానికొక్కదాన్నే పట్టుకుంటే, ఏడాదిలో ప్రతి గుణమూ నాలుగుసార్లు వంతుకు వస్తుంది. ఓర్పు వారంలో, పిల్లవాడు అడిగిందే మళ్ళీ అడిగినప్పుడు విసుక్కుని ఉంటే, రోజుకొక గడి చొప్పున గీసుకున్న పట్టికలో, ఆ రోజు గడిలో రాత్రి ఒక చుక్క పెట్టండి. సంజాయిషీ రాయనక్కర్లేదు, రాస్తే అది ఆత్మపరిశీలన కాక వకాల్తా అవుతుంది. తర్వాతి వంతులో చుక్కలు తగ్గితే నిస్సంకోచంగా సంతోషించండి.