కదలికను పసిగట్టే గేమ్ కంట్రోలర్లను ఇంట్లోనే పోల్చి చూసే పద్ధతి

హనుమకొండలోనో కాజీపేటలోనో చిన్న హాలున్న ఇంటికి, చేతి కదలికతో ఆడే గేమ్ కంట్రోలర్ కొనదలచినవారు సాధారణంగా ధరను, బ్యాటరీని, దొరికే ఆటలను చూసి నిర్ణయం తీసుకుంటారు. వీటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ కంట్రోలర్‌కు తాను ఎటు తిరిగిందో మాత్రమే తెలుస్తుందా, లేక గదిలో తాను ఎక్కడ ఉందో కూడా తెలుస్తుందా? ఈ రెండూ వేర్వేరు సామర్థ్యాలు. కొనుగోళ్లలో నిరాశ చాలావరకు ఈ తేడాను గమనించకపోవడం వల్లనే కలుగుతుంది.

ముందుగా లోపలి సెన్సార్లను అర్థం చేసుకోవాలి. యాక్సిలరోమీటర్ వేగంలో వచ్చే మార్పును, దానితోపాటు భూమి ఆకర్షణను కొలుస్తుంది కాబట్టి, కంట్రోలర్ ముందుకు వంగిందా, పక్కకు ఒరిగిందా అన్నది చెప్పగలదు. అయితే బల్ల మీద ఉన్న కంట్రోలర్‌ను తిరగలి తిప్పినట్లు చదునుగా తిప్పితే ఆకర్షణ దిశ మారదు గనుక ఆ తిరుగుడు దానికి సరిగా తెలియదు. నింటెండో వారి వీ గేమ్ యంత్రంతో 2006లో వచ్చిన వీ రిమోట్‌లో యాక్సిలరోమీటర్ ఉంది కానీ గైరోస్కోప్ లేదు. 2009లో మోషన్ ప్లస్ అనే అదనపు పరికరం వచ్చాకే ఆ లోటు తీరింది.

గైరోస్కోప్ తిరిగే వేగాన్ని కొలుస్తుంది; ఆ వేగాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోతే కోణం వస్తుంది. కొలతలో ఉన్న చిన్న తప్పు కూడా ఆ కూడికలో పేరుకుపోతుంది. సెకనుకు 0.1 డిగ్రీ తప్పు ఉందనుకుంటే, నిమిషం గడిచేసరికి గురి 6 డిగ్రీలు పక్కకు జరుగుతుంది. ముందుకు, పక్కకు వంగడంలో వచ్చే తప్పును ఆకర్షణ దిశను చూసి సరిదిద్దవచ్చు. చదునుగా తిరిగే దిశలో ఆ ఆధారం ఉండదు. స్థానాన్ని యాక్సిలరోమీటర్‌తోనే లెక్కించబోతే పరిస్థితి ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ రెండుసార్లు కూడాలి: చదరపు సెకనుకు 0.01 మీటరు తప్పు పది సెకన్లలో అర మీటరు అవుతుంది. లోపలి సెన్సార్లు మాత్రమే ఉన్న కంట్రోలర్ చేయి ఎక్కడుందో నికరంగా చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఇక పరీక్షకు వద్దాం. కంట్రోలర్‌ను బల్ల మీద ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి తెర మీది గురి జరుగుతున్నదేమో చూడటం అందరికీ తెలిసిన పద్ధతి. దీన్ని మాత్రమే నమ్మవద్దని నా సలహా, ఎందుకంటే కదలకుండా ఉన్నప్పుడు తప్పును తామే సరిచేసుకునే ఏర్పాటు చాలా వ్యవస్థల్లో ఉంటుంది. బల్ల మీద సుద్దతో ఒక గీత గీసి, కంట్రోలర్‌ను దానికి ఆనించి, ఆట సెట్టింగుల్లో గురి వేగాన్ని కదలిక వేగానికి తగ్గట్టు పెంచే ఎంపికను ఆపివేయండి. ఆపై కంట్రోలర్‌ను చటుక్కున కుడికి తిప్పి, నెమ్మదిగా గీత దగ్గరికి తీసుకురండి. ఇలా ఇరవైసార్లు చేశాక గురి మొదటి చోటికే రాకపోతే, వేగమైన విసురును ఆ సెన్సార్ పూర్తిగా కొలవలేకపోతున్నదని అనుమానించాలి. మే నెలలో ఇంకొక జాగ్రత్త అవసరం. వేడి మారితే గైరోస్కోప్ తప్పు కూడా మారుతుంది కనుక, ఎండవేడికి కాగిన గదిలోంచి కూలర్ ముందుకు తెచ్చిన వెంటనే పరీక్షించకుండా, పావుగంట ఆగి, క్యాలిబ్రేషన్ (సెన్సార్ సున్నాను మళ్లీ సరిచేయడం) చేసి మొదలుపెట్టాలి.

స్థానం తెలియాలంటే బయటి ఆధారం కావాలి. వీ రిమోట్ ముందు భాగంలో పరారుణ కాంతిని (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును) చూసే కెమెరా ఉంటుంది; టీవీ దగ్గర పెట్టే సెన్సార్ బార్ పేరుకే సెన్సార్, నిజానికి అది పరారుణ దీపాల పట్టీ. రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా రిమోట్ గురి పనిచేస్తుంది. మా ఇంట్లో టీవీ పక్క గూట్లోనే దేవుడి దీపం ఉండటంతో, సాయంత్రం దీపం పెట్టగానే గురి ఎగిరిపడేది. దీపానికి చోటు మార్చడం తగదు కనుక టీవీనే ఎదుటి గోడకు మార్చాం. 2010లో వచ్చిన ప్లేస్టేషన్ మూవ్ దీనికి తలకిందులు: కెమెరా టీవీ దగ్గర ఉంటుంది, చేతిలోని కంట్రోలర్ కొనన వెలిగే బంతి ఉంటుంది, తెరలో ఆ బంతి ఎంత పెద్దగా కనబడితే అంత దగ్గర ఉన్నట్లు లెక్క. మూవ్‌లో దిక్కును చెప్పే మాగ్నెటోమీటర్ కూడా ఉంది. ఇనుప బీరువా పక్కన నిలబడి ఆడితే అది తప్పుదారి పట్టవచ్చు. అదే ఏడాది ఎక్స్‌బాక్స్‌కు వచ్చిన కినెక్ట్ అనే కెమెరా పరికరం ఆటగాడి మీద పరారుణ చుక్కల నమూనా వేసి ఒంటి కదలికను చూస్తుంది గనుక చేతిలో కంట్రోలరే అక్కరలేదు, కానీ పడమటి కిటికీ ఎండ నేరుగా పడితే ఆ నమూనా కొట్టుకుపోతుంది.

కళ్లకు తొడుక్కుని ఆడే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లలో రెండు దారులున్నాయి. 2016 నాటి హెచ్‌టీసీ వైవ్‌లో గది మూలల్లో పెట్టే స్టేషన్లు లేజర్‌తో గదినంతా తుడుస్తాయి; ఆ కాంతి అద్దానికి తగిలి తిరిగివస్తే లెక్క తప్పవచ్చు కనుక అద్దాల షోకేసును గుడ్డతో కప్పి ఆడాలి. క్వెస్ట్ హెడ్‌సెట్ తన కెమెరాలతోనే గదిని, కంట్రోలర్లను చూస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఒకే చిన్న బల్బు వెలుగుతుంటే దానికి గది సరిగా కనబడదు.

తుపాకీ గురి ఆటలే మీ ఆసక్తి అయితే నింటెండో స్విచ్‌కు వచ్చే జాయ్-కాన్, ప్లేస్టేషన్ 5కు వచ్చే డ్యూయల్‌సెన్స్ వంటి గైరోస్కోప్ కంట్రోలర్లు చాలు; మామూలు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో మాత్రం గైరోస్కోప్ లేదు. కత్తిసాము, విలువిద్య వంటి ఆటలకు స్థానం తెలిసే వ్యవస్థ మేలు. పాతవి కొనేటప్పుడు పగలు కాక దీపాలు పెట్టే వేళ మీ హాలులోనే ఆడి చూసి, చేతిని ఒకసారి వీపు వెనక్కి తీసుకుపోయి ముందుకు తెచ్చినప్పుడు తెర మీది చేయి ఎంతసేపటికి సరైన చోటికి వస్తుందో గమనించి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.