పదో తరగతి భూగోళం బట్టీ పట్టకుండా చదవడం ఎలా?

పదో తరగతి సోషల్‌లో పిల్లలు ఎక్కువ టెన్షన్ పడేది భూగోళం దగ్గరే, అందులోనూ మ్యాప్ పాయింటింగ్ దగ్గర. పర్వతాలు ఒక పాఠం, శీతోష్ణస్థితి ఇంకో పాఠం, నదులు, పంటలు, ఖనిజాలు, పరిశ్రమలు దేనికది వేరుగా ఉండేసరికి ఒక్కో పాఠాన్ని ఒక్కో జాబితాలా నూరిపోసుకుంటారు, పరీక్ష అయిన నెలకి ఏదీ గుర్తుండదు. నేను చెప్పేది ఒకటే. ఇవన్నీ ఒకే మ్యాప్. నేల ఎత్తుపల్లాలు తెలిస్తే వాన ఎక్కడ పడుతుందో తెలుస్తుంది, వాన తెలిస్తే నది ఎటు పారుతుందో, ఏ పంట పండుతుందో తెలుస్తుంది, కింద ఉన్న రాయి ఏంటో తెలిస్తే గనులు ఎక్కడో తెలుస్తాయి, గనులు తెలిస్తే ఫ్యాక్టరీలు సగం తెలిసినట్టే. ఈ వరుస తప్పకుండా చదివితే కంఠస్థం చేయాల్సింది చాలా తగ్గిపోతుంది. ఇక్కడ భారతదేశాన్నే తీసుకుని చెప్తాను, మనం ఉన్నది హైదరాబాద్‌లో కాబట్టి మధ్యలో మన ఊరు కూడా వస్తుంటుంది.

1. ముందు ఇవి సమకూర్చుకోండి

ఖాళీ ఔట్‌లైన్ మ్యాపులు ఒక పాతిక, స్టేషనరీ షాపులో ఎక్కడైనా దొరుకుతాయి. మెత్తటి పెన్సిల్, రంగు పెన్సిళ్లు, రబ్బరు. ఒక అట్లాస్. కొత్తది కొనలేకపోతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత అట్లాసులు వెతకండి, కానీ ఏ సంవత్సరంలో అచ్చయిందో చూడండి. 2014 జూన్‌కి ముందుదైతే అందులో తెలంగాణ ఉండదు, 2019 అక్టోబరుకి ముందుదైతే లడఖ్ విడిగా ఉండదు. రాజకీయ పటాలకి అది పనికిరాదు గానీ కొండలు, నదులు, వర్షపాతం పటాలకి నిక్షేపంగా పనికొస్తుంది. ఇంట్లో ఫోనో కంప్యూటరో ఉంటే భువన్ కూడా చూడండి. మన బాలానగర్‌లో ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వాళ్లు నడిపే ఉపగ్రహ చిత్రాల వేదిక అది, పశ్చిమ కనుమలకి ఇటువైపు అటువైపు పచ్చదనంలో తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

గైడ్లు పక్కన పెట్టండి. కనీసం మొదటి రెండు నెలలు.

2. మీ ఊరి నుంచే మొదలుపెట్టండి

హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో, దక్కన్ పీఠభూమి మీద ఉంది. మౌలాలి గుట్ట, ఖాజాగూడ బండలు, గోల్కొండ కోట కట్టిన కొండ, అంతా గ్రానైటే. దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గ్రానైట్‌లో నీళ్లు సులువుగా ఇంకవు, పగుళ్లలో మాత్రమే నిలుస్తాయి. ఏడాది వాన 80 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడిపోతుంది. నాలుగు నెలల వాన, నీళ్లు దాచుకోని రాయి, ఎగుడుదిగుడు నేల, ఈ మూడూ కలిసినచోట మనుషులు ఏం చేస్తారు? చెరువులు కడతారు. హుస్సేన్ సాగర్ అందుకే ఉంది, ఊరి చుట్టూ ఉన్న వందలాది చెరువులూ అందుకే. 1908లో మూసీకి వచ్చిన వరద తర్వాత గండిపేట, హిమాయత్ సాగర్ కట్టారు. ఊరు పెరిగాక అవీ చాలక ఇప్పుడు కృష్ణ, గోదావరి, మంజీరల నుంచి నీళ్లు ఎత్తి పోసుకుంటున్నాం.

చూశారా, భౌతిక భూగోళంలో మొదలుపెట్టి ఎప్పుడు ఆర్థిక భూగోళంలోకి వచ్చామో తెలియకుండానే వచ్చేశాం. దేశం మొత్తాన్నీ ఇలాగే చదవాలి.

3. ఎత్తుపల్లాల మ్యాపు చూడకుండా గీయగలగాలి

మొదటి ఖాళీ మ్యాపులో ఊర్లు, రాష్ట్రాలు ఏవీ వద్దు. ఉత్తరాన హిమాలయాలు, సుమారు 2,400 కిలోమీటర్ల పొడవున ఒక విల్లులా. వాటి కింద గంగా-సింధు మైదానం. కింద త్రిభుజంలా పీఠభూమి. దానికి పడమటి అంచున పశ్చిమ కనుమలు, తూర్పున తూర్పు కనుమలు, వాయవ్యంలో ఆరావళి, దాని పక్కన థార్ ఎడారి. మధ్యలో వింధ్య, సాత్పురా. ఇంతే. అట్లాస్ చూసి ఒకసారి గీసి, మూసేసి మళ్లీ గీయండి, వచ్చేవరకు.

గీస్తున్నప్పుడు రెండు విషయాలు మనసులో పెట్టుకోండి. పశ్చిమ కనుమలు దాదాపు తెగకుండా గోడలా ఉంటాయి, తూర్పు కనుమలు నదులు కోసేయడం వల్ల ముక్కలు ముక్కలుగా ఉంటాయి. రెండోది, పీఠభూమి పడమర నుంచి తూర్పుకి వాలి ఉంటుంది. ఈ రెండు ముక్కలతో తర్వాతి రెండు పాఠాలు తేలిపోతాయి.

4. వానని గాలి వైపు నుంచి చదవండి

రెండో మ్యాపు తీసి, అందులో కొండలు గీసి, నైరుతి నుంచి బాణాలు వేయండి. గాలి కొండకి ఎదురుగా తగిలితే పైకి లేచి, చల్లబడి, వాన కురుస్తుంది. అవతలి వైపు దిగేటప్పుడు వేడెక్కి పొడిబారుతుంది, అదే వర్షచ్ఛాయా ప్రాంతం. ముంబైలో ఏడాదికి 200 సెంటీమీటర్లు దాటి కురిస్తే, కనుమలు దాటి కాస్త దూరంలోనే ఉన్న పుణెలో 70 దగ్గర ఆగిపోతుంది. మనకి తక్కువ పడేదీ అందుకే.

ఇప్పుడు పిల్లలు తడబడే రెండు ప్రశ్నలు చూద్దాం. రాజస్థాన్‌లో ఆరావళి కొండలు ఉన్నాయి కదా, మరి వాన ఎందుకు పడదు? మీ మ్యాపులో బాణం, కొండ రెండూ చూడండి, ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి, గాలి కొండకి తగలకుండా పక్క నుంచి వెళ్లిపోతుంది. తమిళనాడు తీరంలో జూలైలో కాకుండా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఎందుకు కురుస్తుంది? నైరుతిలో అది కనుమల వెనక ఉండిపోతుంది, ఈశాన్య రుతుపవనాలు మాత్రం బంగాళాఖాతం మీదుగా తేమ పట్టుకుని నేరుగా ఆ తీరానికి వస్తాయి. ఒక బాణం అటు నుంచి ఇటు తిప్పి వేసుకుంటే జవాబు అక్కడే కనిపిస్తుంది.

5. నదులు

దీనికి ఎక్కువ సమయం అక్కర్లేదు, ఎందుకంటే పీఠభూమి తూర్పుకి వాలి ఉందని మీకు తెలుసు. నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వర్‌లో పుట్టిన గోదావరి అరేబియా సముద్రం అంత దగ్గరగా ఉన్నా 1,465 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. మహాబలేశ్వర్‌లో పుట్టిన కృష్ణ కూడా అంతే, వికారాబాద్ అనంతగిరి కొండల్లో పుట్టిన మన మూసీ వాడపల్లి దగ్గర అందులోనే కలుస్తుంది. నర్మద, తపతి మాత్రం పగులు లోయల్లో (నేల పగిలి మధ్య భాగం కుంగిన చోట్లలో) పడి పడమరకి పోతాయి, వాటికి డెల్టాలు ఉండవు. హిమాలయ నదులకి మంచు ఉంది కాబట్టి ఏడాదంతా నీళ్లుంటాయి, మనవి వాన మీద ఆధారపడినవి, అందుకే ఆనకట్టలు ఇక్కడ అంత ముఖ్యం.

6. పంటలు: వాన మ్యాపు మీద నేల మ్యాపు

రేగడి నేల ఎక్కడిది? సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన లావా గట్టిపడి, ఆ బసాల్ట్ రాయి చివికి నల్లమట్టి అయింది. ఆ రాయి మహారాష్ట్రలో ఎక్కువ, అంచులు మన ఆదిలాబాద్ వరకు, వికారాబాద్ వరకు వచ్చాయి. అందుకే హైదరాబాద్ నుంచి తాండూరు వైపు వెళ్తుంటే ఎర్ర నేల పోయి నల్ల నేల వస్తుంది, తాండూరు కందికి జీఐ గుర్తింపు (ఆ ప్రాంతానికే ప్రత్యేకమైన సరుకు అని ఇచ్చే గుర్తింపు) వచ్చిందీ ఆ నేల మహిమతోనే. బస్సులోనో రైల్లోనో వెళ్లినప్పుడు కిటికీ పక్కన కూర్చుని చూడమని పిల్లలకి చెప్పండి, పుస్తకంలో పది సార్లు చదివినా రానిది ఒక్క చూపుతో వస్తుంది.

నల్లరేగడి తడిని పట్టి ఉంచుతుంది, పత్తికి అది చాలు, కాబట్టి విదర్భ, గుజరాత్, ఆదిలాబాద్. వాన ఎక్కువ పడినా నీళ్లు నిలవకుండా పారిపోయే నేలలు టీకి, కాబట్టి అస్సాం పక్క, డార్జిలింగ్, నీలగిరి. డెల్టా ఒండ్రు, కాలువ నీళ్లు వరికి. పంట పేరు చూడగానే రాష్ట్రం పేరు చెప్పడం ఆపి, దానికి ఎంత నీళ్లు కావాలి, ఎలాంటి మట్టి కావాలి అని అడగడం అలవాటు చేయండి.

7. గనులు, ఫ్యాక్టరీలు: ఎక్కువ రోజులు ఇక్కడ పెట్టండి

ఒక పెద్ద సూత్రం ముందు చెప్పేస్తాను. పాత రాయి ఉన్నచోట గనులు ఉంటాయి, కొత్త మట్టి ఉన్నచోట పంటలూ జనమూ ఉంటాయి. అందుకే ఖనిజాలు ఎక్కువగా జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, కర్ణాటకల్లో, అంటే పీఠభూమి మీద. మైదానంలో ఉన్న బీహార్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకి 1,106 మంది, కొండల్లో ఉన్న అరుణాచల్‌లో 17 మంది.

తర్వాత ప్రతి పరిశ్రమ దగ్గరా ఒకే ప్రశ్న వేయండి. ముడిసరుకు తయారీలో బరువు తగ్గుతుందా, పాడైపోతుందా, లేక అలాగే ఉంటుందా? చెరకు కోశాక ఆలస్యమైతే అందులో చక్కెర తగ్గిపోతుంది, అందుకే మిల్లు పొలాల పక్కనే. సున్నపురాయి బరువు ఎక్కువ, ధర తక్కువ, దాన్ని దూరం మోస్తే గిట్టదు, అందుకే సిమెంట్ ఫ్యాక్టరీలు తాండూరు, హుజూర్‌నగర్, మంచిర్యాల దగ్గర. పత్తి బేలు బరువు పెద్దగా తగ్గదు, పాడవదు, కాబట్టి మిల్లు ఎక్కడైనా ఉండొచ్చు, రేవు, పెట్టుబడి, కార్మికులు ఉన్న ముంబైలో పెరిగిందీ అందుకే.

ఉక్కు దగ్గర మాత్రం నెమ్మదిగా నడవండి. జంషెడ్‌పూర్ తీసుకుంటే, ఇనుప ఖనిజం ఒకవైపు నోవాముండిలో, బొగ్గు ఇంకోవైపు ఝరియాలో, నీళ్లకి సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు, ఎగుమతికి కోల్‌కతా రేవు. ఇవి మ్యాపు మీద చుక్కలు పెట్టి గీతలతో కలపండి, ఫ్యాక్టరీ మధ్యలో ఎందుకుందో తెలిసిపోతుంది. ఇప్పుడు విశాఖ ఉక్కు తీసుకోండి, దాని పక్కన బొగ్గు గని లేదు, మరి అక్కడెందుకు? రేవు ఉంది, ఉక్కు కొలిమికి కావాల్సిన కోకింగ్ రకం బొగ్గులో ఎక్కువ భాగం ఓడల్లో వస్తుంది. ఇక్కడ తెలివైన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది, మన సింగరేణిలో అంత బొగ్గు ఉండగా అక్కడ పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ ఎందుకు రాలేదని. సింగరేణి బొగ్గు కోకింగ్ రకం కాదు, ఉక్కు కొలిమికి పనికిరాదు, కరెంటుకి బాగా పనికొస్తుంది. బొగ్గు పక్కనే, గోదావరి పక్కనే, రామగుండం విద్యుత్ కేంద్రం అలా వచ్చింది.

అన్నీ నేల చేతిలోనే ఉంటాయని మాత్రం అనుకోకండి. హైదరాబాద్ మందుల కంపెనీలకి ముడిసరుకు మన గ్రానైట్‌లో లేదు. 1960ల్లో కేంద్ర ప్రభుత్వం బాలానగర్ దగ్గర ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కంపెనీ పెట్టింది, అందులో పని నేర్చుకున్నవాళ్లలో కొందరు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు, అలా జీడిమెట్ల, పటాన్‌చెరు నిండాయి. 1998లో తెరిచిన ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్‌కి అయితే మోసుకురావాల్సిన ముడిసరుకే లేదు, చదువుకున్న మనుషులు, ప్రభుత్వ నిర్ణయం చాలు. దేశ విభజన ఇంకో ఉదాహరణ. 1947లో జనపనార మిల్లులు హుగ్లీ ఒడ్డున మనకి మిగిలాయి, జనుము పండే పొలాల్లో ఎక్కువ భాగం తూర్పు పాకిస్తాన్‌కి పోయాయి. జవాబులో ఇలాంటి కారణం కూడా ఒకటి రాయగలిగితే దిద్దేవాళ్లకి పిల్లాడు ఆలోచించాడని అర్థమవుతుంది.

8. అంకెలు కొన్నే గుర్తుపెట్టుకోండి

విస్తీర్ణం దాదాపు 32.8 లక్షల చదరపు కిలోమీటర్లు. ప్రధాన భూభాగం 8°4' నుంచి 37°6' ఉత్తర అక్షాంశాల మధ్య. కర్కటరేఖ 8 రాష్ట్రాల గుండా పోతుంది. ప్రామాణిక రేఖాంశం 82°30'. 2011 జనాభా 121 కోట్లు. పని చేసేవాళ్లలో దాదాపు సగం మంది వ్యవసాయంలో ఉన్నా దేశ ఆదాయంలో దాని వాటా ఐదో వంతు లోపే, ఈ ఒక్క వాక్యం ఆర్థిక పాఠాల్లో చాలా జవాబులకి వెన్నెముక. మిగతా అంకెలు ఏది పెద్దది, ఏది చిన్నది అన్న వరుస తెలిస్తే చాలు.

9. రాయడం, పాయింటింగ్

వారానికి మూడు సార్లు, పదిహేను నిమిషాలు, ఒక ఖాళీ మ్యాపు, పది పేర్లు. పేర్లు ఇంట్లో వేరేవాళ్లు చెప్పాలి, తనకి తాను వేసుకుంటే వచ్చినవే అడుగుతాడు. నదిని గీతగా, గనిని గుర్తుగా, నగరాన్ని చుక్కగా వేసి, పేరు గజిబిజి లేకుండా పక్కన రాయించండి. తప్పుపోయిన పేర్లు మాత్రమే తర్వాతి మ్యాపులో మళ్లీ అడగండి.

పెద్ద జవాబులకి ఎక్కడ, ఎందుకు, దానివల్ల ఏమైంది అన్న వరుస సరిపోతుంది, ఒక్కో ముక్కకి రెండు వాక్యాలు. పక్కన చిన్న పటం చేత్తో వేస్తే ఇంకా మంచిది.

ఇవన్నీ వచ్చాయో లేదో తేల్చుకోవడానికి తెలియని దేశం ఒకటి ఇవ్వండి. జపాన్ భౌతిక పటం ముందు పెట్టి, ముప్పావు వంతు నేల కొండలే, బొగ్గు, ఇనుము పెద్దగా లేవు అని మాత్రం చెప్పి, ఫ్యాక్టరీలు ఎక్కడుంటాయో పిల్లాడినే చెప్పమనండి. తీరం వెంబడి ఉన్న కాస్త మైదానంలో, రేవుల పక్కన అని చెప్పి టోక్యో, నగోయా, ఒసాకా వైపు వేలు పెడితే పని అయినట్టే, బస్తర్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవు నుంచి జపాన్‌కి ఎందుకు వెళ్లిందో కూడా అప్పుడే చెప్పేయొచ్చు. తర్వాత బ్రెజిల్ ఇచ్చి, జనం ఆగ్నేయ తీరం వైపు ఎందుకు గుమిగూడారో, అమెజాన్ వైపు ఎందుకు పలచగా ఉన్నారో రాయమనండి.