కొలోన్‌కి వెళ్తున్నారా? రైన్‌లో కాలు పెట్టకండి

2025 వేసవిలో రైన్ నదిలో మునిగిపోయినవాళ్ల వార్తలు ఒకదాని వెంట ఒకటి వచ్చాక, ఆగస్టులో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నగరం తన పరిధిలో రైన్ స్నానాన్నే నిషేధించింది. కాదని దిగితే 1000 యూరోల దాకా జరిమానా. జర్మనీ నదుల్లో మునిగి చనిపోయిన తెలుగు విద్యార్థుల వార్తలు అంతకు ముందు కూడా చదివాం. అదే రైన్ ఒడ్డున, డ్యూసెల్‌డార్ఫ్‌కి సుమారు 40 కిలోమీటర్లు ఎగువన కొలోన్ ఉంది. ఆఖెన్‌లో, డార్ట్‌మండ్‌లో చదివే పిల్లలు, బెల్జియం, నెదర్లాండ్స్‌లో ఉద్యోగాలు చేసే కుటుంబాలు శని, ఆదివారాలు కలిసొస్తే ముందు అనుకునే ఊరు అదే. మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ఏం చూడాలో ఎవరైనా చెబుతారు. ఏం చేయకూడదో ఇక్కడ చదవండి.

ప్రయాణం

డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ (2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు) దూరప్రయాణాల ఐసీఈ, ఐసీ రైళ్లలో చెల్లదు. ఆర్‌ఈ, ఆర్‌బీ అనే ప్రాంతీయ రైళ్లు, ఎస్-బాన్ అనే నగర రైళ్లు, ట్రామ్, బస్సుల్లోనే చెల్లుతుంది. ఆఖెన్ నుంచైనా డార్ట్‌మండ్ నుంచైనా ఆర్‌ఈ 1 నేరుగా కొలోన్ తీసుకెళ్తుంది. ఆ టికెట్ ఒక్క మనిషిదే, పేరు మీద ఉంటుంది. ఒకరి టికెట్ స్క్రీన్‌షాట్‌తో ఇంకొకరు ఎక్కి దొరికితే 60 యూరోలు కట్టాలి. పైగా అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. ఒక్క ట్రిప్పు కోసం తీసుకున్నవాళ్లు ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది.

కొన్ని ఐసీఈలు ప్రధాన స్టేషన్‌కి రావు, నది అవతల మెస్సె/డోయిట్స్ స్టేషన్‌లోనే ఆగుతాయి. కంగారు అక్కర్లేదు, హోహెన్‌జోలెర్న్ వంతెన మీదుగా పావుగంట నడక. ప్రధాన స్టేషన్‌లో ఒకే ప్లాట్‌ఫారం మీద ముందొకటి వెనకొకటి రెండు రైళ్లు నిలబడుతుంటాయి. నంబరుతో పాటు పక్కనున్న అక్షరం కూడా చూసి ఎక్కండి.

కారులో వెళ్తే అద్దం మీద ఆకుపచ్చ పర్యావరణ స్టిక్కర్ ఉండాలి. లేకపోతే 100 యూరోలు. బెల్జియం, నెదర్లాండ్స్ నంబరు బండికైనా ఇదే నియమం.

కాగితాలు, బస

2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టింది. షెంగెన్ లోపలే కదా అని పాస్‌పోర్టు ఇంట్లో వదిలేసి రైలెక్కకండి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ రెండూ అసలువే వెంట ఉండాలి. ఫోన్‌లో ఫొటో చాలదు.

హోటల్ బుక్ చేసేముందు ఆ రోజుల్లో కొలోన్‌లో ఎగ్జిబిషన్ ఉందేమో చూడండి. ఆగస్టులో గేమ్స్‌కామ్ అనే వీడియో గేముల ప్రదర్శన జరిగే వారం గదుల ధరలు ఎక్కడికో పోతాయి. గది అద్దె మీద 5 శాతం నగరపు పన్ను వేరేగా పడుతుంది. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు. నీళ్లు, పిల్లల పాలు శనివారం రాత్రే కొనుక్కోండి, లేదంటే స్టేషన్ లోపలి దుకాణాలే దిక్కు.

నది

అసలు విషయం ఇది. కొలోన్‌లో ప్రాణం పోగొట్టే తప్పు ఒక్కటే: మోకాలి లోతే కదా అని రైన్‌లో దిగడం. ఈదాలనుకుని దిగేవాడు కనీసం నీళ్ల వంక ఒకసారి చూసుకుంటాడు. కాళ్లు తడుపుకుందామని దిగేవాడు అదీ చూడడు.

మనలో చాలామంది గోదావరి, కృష్ణ రేవుల్లో మెట్లు దిగి మూడు మునకలు వేసి పెరిగినవాళ్లం. నది కనబడగానే కాళ్లు కడుక్కోవాలని, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకోవాలని చెయ్యి లాగుతుంది. రైన్ స్నానాల రేవు కాదు, సరుకు ఓడలు నడిచే దారి. 110 మీటర్లు, 135 మీటర్లు పొడవున్న ఓడలు పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. బరువుతో ఉన్న ఓడ అంత నీటిని తోసుకుంటూ పోతుంటే ముందు ఒడ్డు దగ్గరి నీరు వెనక్కి గుంజుకుపోతుంది. అప్పటిదాకా నీళ్లున్నచోట ఇసుక, గులకరాళ్లు బయటపడతాయి. పిల్లలు గవ్వల కోసం అక్కడికే పరుగెడతారు. ఓడ దాటగానే ఆ నీరు అలగా తిరిగొస్తుంది, వచ్చినంత బలంతో వెనక్కి లాక్కెళ్తుంది. మోకాలి లోతు కాస్తా నడుము లోతవుతుంది. నడుము దాకా పారే నీళ్లొస్తే పెద్దవాళ్లకి కూడా కాలు నిలవదు.

రెండోది, ఒడ్డు నుంచి నదిలోకి అడ్డంగా వేసిన రాతి కట్టలు. ఓడల దారిలో నీరు లోతుగా ఉండేందుకు వాటిని కట్టారు. రెండు కట్టల మధ్య నీరు చెరువులా నిలకడగా కనిపిస్తుంది. చూసి మోసపోకండి. ప్రవాహం కట్ట కొనకు కొట్టుకుని తిరగబడుతుంది కాబట్టి ఆ నిలకడ నీరంతా లోపల గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, మనిషిని మెల్లగా కట్ట కొన వైపు తీసుకెళ్తుంది. ఆ కొన దగ్గర నది అడుగును కోసి గుంట చేసి ఉంటుంది. ఇసుక మీద నడుస్తున్నవాడి కింద ఒక్క అడుగులో నేల మాయమవుతుంది.

మూడోది, ఈత వచ్చనే ధైర్యం. ఊరి బావిలో, చెరువులో, కాలేజీ పూల్‌లో నేర్చుకున్న ఈత నిలిచిన నీటి ఈత. మామూలు ఈతగాడు సెకనుకు ఒక మీటరు కూడా వెళ్లలేడు. మధ్య ధారలో రైన్ అంతకంటే వేగంగా పారుతుంది. ఎదురీదితే ఉన్నచోటే ఉండి అలిసిపోతారు. ఓడ నడిపేవాడు చూసి ఆపుతాడనుకోకండి. ఓడ ముందు 350 మీటర్ల వరకు నీటి మీద ఏముందో అతనికి కనిపించకపోవచ్చు. కనిపించినా అంత ఓడ అంత త్వరగా ఆగదు.

నీళ్లు తగ్గిన వేసవిలో ప్రమాదం తగ్గుతుందనేది కూడా భ్రమే. నీరు తగ్గితే ఇసుక తిన్నెలు పెరిగి జనం ఓడల దారికి ఇంకా దగ్గరగా పోతారు. ఓడలకేమో దారి ఇరుకవుతుంది.

పాతబస్తీ ఒడ్డున నీటిమట్టం చూపే గడియారం స్తంభం ఉంది. చిన్న ముల్లు మీటర్లు, పెద్ద ముల్లు పదోవంతులు చూపిస్తుంది. 6.20 మీటర్లు దాటితే ఓడల వేగానికి కట్టడి, 8.30 దాటితే ఓడలు పూర్తిగా బంద్. 1995లో ఆ ముల్లు 10.69 దాకా వెళ్లింది. అయితే ఆ గడియారం మీకు చెప్పేది నీటి ఎత్తు మాత్రమే. ముల్లు కిందికుంది కాబట్టి దిగొచ్చని దానర్థం కాదు.

ఇక వరసగా

రోడెన్‌కిర్హెన్ దగ్గర ఇసుక తీరం సముద్రపు బీచ్‌లా ఉంటుంది. కూర్చోండి, తినండి. నీళ్లలో కాలు పెట్టకండి.

తడి ఇసుక ఎక్కడ మొదలైందో అదే గీత. పిల్లలు దాన్ని దాటకూడదు. ఐదేళ్లలోపు పిల్లల చెయ్యి పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, ఫోన్ సంచిలో ఉండాలి.

నీరు ఉన్నట్టుండి వెనక్కి తగ్గిందా, ఒడ్డు ఎక్కేయండి. ఓడ కనిపించేదాకా చూడకండి.

బంతి, చెప్పు, టోపీ, ఫోన్ కొట్టుకుపోతే పోనివ్వండి.

రాతి కట్టల కొనకు ఫొటో కోసం వెళ్లకండి. ఆ రాళ్లకు పాకుడు పట్టి ఉంటుంది.

గాలి పరుపులు, గాలి ట్యూబులు రైన్‌కి తేవద్దు.

కోల్ష్ బీరు 0.2 లీటర్ల చిన్న గ్లాసులో వస్తుంది. ఖాళీ అవగానే అడగకుండానే ఇంకొకటి పెడతారు. గ్లాసు మీద అట్టముక్క మూత పెడితేనే ఆపుతారు. లెక్క తెలియకుండా తాగేది ఇలాగే. తాగినవాళ్లని నది ఒడ్డుకి కాదు, గదికి తీసుకెళ్లండి.

గంగమ్మకు దండం పెట్టాలనిపిస్తే వంతెన మీద నుంచి పెట్టండి.

పిల్లలు ఈదాల్సిందేనని పట్టుబడితే డబ్బు కట్టి స్టాడియోన్‌బాడ్, అగ్రిప్పాబాడ్ లాంటి ఈత కొలనులకు తీసుకెళ్లండి. ఫ్యూలింగర్ సీ చెరువుకైతే అనుమతి ఉన్న స్నాన తీరంలోనే దిగాలి, మిగతా ఒడ్డున కాదు.

కేథడ్రల్ దక్షిణ గోపురానికి 533 మెట్లు, లిఫ్టు లేదు. ఎక్కేవాళ్లు దిగేవాళ్లు ఆ ఇరుకు మెట్ల మీదే. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలని మొహమాటపెట్టి ఎక్కించకండి. సూట్‌కేసు స్టేషన్ లాకర్‌లో పెట్టండి, కేథడ్రల్ లోపలికి రానివ్వరు.

కేథడ్రల్ ముందు రద్దీలో పర్సు వెనక జేబులో వద్దు.

ఎవరైనా కొట్టుకుపోతే వెంట దూకకండి. చేతులు పట్టుకుని గొలుసుగా దిగకండి, ఒకరితో పోయేది నలుగురితో పోతుంది. ఒకరు ఆ మనిషి తల మీద నుంచి చూపు తిప్పకుండా ఒడ్డు వెంట నడవాలి. ఇంకొకరు అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయాలి. మూడో మనిషి తేలేది ఏదైనా, ఖాళీ డబ్బా అయినా సరే, విసరాలి.

112కి ఇంగ్లీషులో చెప్పొచ్చు. ఏ ఒడ్డో చెప్పండి: కేథడ్రల్ ఉన్నది ఎడమ ఒడ్డు, డోయిట్స్ ఉన్నది కుడి ఒడ్డు. ఒడ్డున పెద్ద బోర్డుల మీద రైన్ కిలోమీటరు నంబర్లు ఉంటాయి. కొలోన్ పాతబస్తీ 688 దగ్గర. దగ్గరలో ఉన్న నంబరు చదివి చెప్పండి. ప్రవాహం ఉత్తరానికి, అంటే డ్యూసెల్‌డార్ఫ్ వైపు.

నీళ్లలో పడింది మీరే అయితే ఎదురీదకండి. వెల్లకిలా తిరగండి, కాళ్లు ప్రవాహం పోయే వైపు పెట్టండి. ‘హిల్ఫె’ (కాపాడండి) అని అరవండి. ప్రవాహంతో పోతూనే ఏటవాలుగా ఒడ్డు వైపు జరగండి. దిగినచోటే ఎక్కాలని చూడకండి, అర కిలోమీటరు కింద ఎక్కినా ఒడ్డే.

బయటికి తీసిన మనిషి లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా గదికి తీసుకెళ్లకండి. నీళ్లు మింగినవాళ్లకి ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది. దగ్గు, ఆయాసం, మగత కనిపించేదాకా ఆగకుండా అదే అంబులెన్సులో ఆసుపత్రికి పంపండి. ఇన్సూరెన్సు కార్డు, పాస్‌పోర్టు మీరు పట్టుకుని వెంట వెళ్లండి.